మనం కోరేది ఒకటి, యంత్రానికి అప్పజెప్పేది ఒకటి

ఈమెయిల్‌కు వచ్చే చెత్త ఉత్తరాలను ఏరి పక్కన పడేసే స్పామ్ ఫిల్టర్‌ను చూసి ఇప్పుడెవరూ ఆశ్చర్యపోరు. దాన్ని కృత్రిమ మేధ అనాలని కూడా చాలామందికి తోచదు. కానీ ఏఐ వ్యవస్థకు లక్ష్యం ఉండటమంటే ఏమిటో, ఆ లక్ష్యాన్ని ఎవరు పెడతారో తెలియాలంటే మొదట చూడాల్సింది దాన్నే.

ఉత్తరంలోని సంగతి ఫిల్టర్‌కు అర్థం కాదు. ఇవి చెత్త, ఇవి మంచివి అని మనుషులు గుర్తు పెట్టిన పాత ఉత్తరాలను దానికి ముందే కుప్పలుగా చూపించి ఉంటారు. 'ఉచితం', 'బహుమతి', 'వెంటనే క్లిక్ చేయండి' లాంటి మాటలు చెత్త ఉత్తరాల్లో ఎంత తరచుగా వచ్చాయి, మంచివాటిలో ఎంత తరచుగా వచ్చాయి అన్న లెక్క దాని దగ్గర ఉంటుంది. కొత్త ఉత్తరం రాగానే అందులోని ఒక్కో మాటకూ ఆ లెక్క వేసి, అన్నింటినీ కలిపి, ఇది చెత్త కావడానికి ఎంత అవకాశం ఉందో ఒక అంకె తేలుస్తుంది. 18వ శతాబ్దంలో థామస్ బేయస్ ఆలోచించిన సంభావ్యతా సూత్రమే ఈ పద్ధతికి పునాది. ఇప్పటి ఫిల్టర్లు పంపినవారి చిరునామా, లోపలి లింకులు ఇంకా చాలా చూస్తాయి. అయినా చివరికి తేలేది ఒక అంకే.

ఆ అంకె ఎంత దాటితే చెత్తబుట్టలో వేయాలి? గీతను కిందికి దించితే చెత్త దాదాపు అంతా పోతుంది, దాంతోపాటు ఉద్యోగ ఇంటర్వ్యూకు రమ్మన్న ఉత్తరమూ పోవచ్చు. పైకి జరిపితే ఆ ఉత్తరం దక్కుతుంది, చెత్త కూడా లోపలికి వస్తుంది. చెత్తను చూసి చిరాకు పడటం, ఇంటర్వ్యూ పోగొట్టుకోవడం సమానమైన నష్టాలు కావు. ఒక మంచి ఉత్తరాన్ని కాపాడుకోవడానికి ఎన్ని చెత్త ఉత్తరాలు భరించవచ్చు అన్నదాన్ని గణితం తేల్చదు. ఎవరో ఒకరు కూర్చుని నిర్ణయించాలి. వాళ్లు నిర్ణయించాక అది ఒక సంఖ్యగా మారి ప్రోగ్రాంలో చేరిపోతుంది, ఆ తర్వాత ఎవరికీ కనిపించదు.

రోజువారీ వాడకంలో ఉన్న ప్రతి ఏఐ వ్యవస్థ అడుగునా ఇలాంటి నిర్ణయం ఒకటి ఉంటుంది. మనిషికి కావలసినదాన్ని కొలవగలిగే సంఖ్యగా మార్చి, ఆ సంఖ్యను పెంచమనో తగ్గించమనో యంత్రానికి చెబుతారు. యంత్రం నిజంగా ఆలోచిస్తుందా అనే చర్చకు దొరికినంత చోటు, దానికి ఏ సంఖ్యను అప్పజెప్పారు అనే ప్రశ్నకు దొరకడం లేదు. మన జీవితాల మీద ఎక్కువ ప్రభావం చూపుతున్నది మాత్రం ఈ రెండోదే.

ఈ రంగం మొదలైనప్పుడు లక్ష్యాలు ఇంత చిన్నవి కావు. 1950లో గణిత శాస్త్రవేత్త అలన్ ట్యూరింగ్, యంత్రం ఆలోచించగలదా అనే ప్రశ్నను పక్కనపెట్టి, మాటామంతీలో మనిషేనని నమ్మించగలదా అని అడగడం మేలన్నారు. 1955లో జాన్ మెకార్తీ, మార్విన్ మిన్‌స్కీ, నథానియల్ రోచెస్టర్, క్లాడ్ షానన్ అనే నలుగురు శాస్త్రవేత్తలు కలిసి ఒక ప్రతిపాదన రాశారు. నేర్చుకోవడంతో సహా మేధకు సంబంధించిన ప్రతి అంశాన్నీ యంత్రం అనుకరించగలిగేంత కచ్చితంగా వర్ణించవచ్చన్నది వాళ్ల నమ్మకం. జాగ్రత్తగా ఎంచుకున్న కొద్దిమంది శాస్త్రవేత్తలు ఒక వేసవి కలిసి పనిచేస్తే చెప్పుకోదగ్గ ముందడుగు పడుతుందని కూడా అందులో రాశారు. 1956 వేసవిలో అమెరికాలోని డార్ట్‌మత్ కాలేజీలో ఆ సమావేశం జరిగింది. 'ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్' అనే పేరు ఆ ప్రతిపాదనతోనే స్థిరపడింది.

ఒక వేసవి కాదు, దశాబ్దాలు గడిచాయి. కష్టమనుకున్న పనులు యంత్రానికి ముందే లొంగాయి, తేలికనుకున్నవి మొండికేశాయి. 1997 మేలో ఐబీఎం తయారుచేసిన డీప్ బ్లూ, చదరంగంలో ప్రపంచ చాంపియన్ గ్యారీ కాస్పరోవ్‌ను 3.5-2.5 తేడాతో ఓడించింది. అది సెకనుకు సుమారు 20 కోట్ల స్థితులను పరిశీలించగలదు. అయితే బల్ల దగ్గర పావులు జరపడానికి ఒక మనిషి కూర్చోవలసి వచ్చింది. గడుల బల్ల మీద నల్ల, తెల్ల రాళ్లతో ఆడే గో ఆటలో 2016లో మేటి ఆటగాడు లీ సెడోల్‌ను 4-1తో ఓడించిన ఆల్ఫాగో అనే ప్రోగ్రాం తరఫున కూడా రాళ్లు పెట్టింది మనిషే. ఏడాది పిల్లవాడు వస్తువును చూసి, చెయ్యి చాచి పట్టుకోవడం వెనుక ఎంత పని ఉందో, ప్రపంచ చాంపియన్‌ను ఓడించే ఎత్తు కంటే అది ఎంత క్లిష్టమైనదో రోబోటిక్స్ పరిశోధకుడు హాన్స్ మొరావెక్ 1980లలోనే గుర్తించారు. చదరంగానికి గెలుపూ ఓటమీ స్పష్టంగా ఉన్నాయి, నియమాలు తెలుసు. బయటి ప్రపంచంలో చాలా పనులకు అలాంటి సౌకర్యం లేదు.

అందుకే మనిషంతటి మేధ అనే పెద్ద లక్ష్యం పరిశోధనశాలల్లో కొనసాగుతుండగానే, జనం చేతికి వచ్చినవన్నీ ఇరుకైన లక్ష్యాలున్న వ్యవస్థలే. దారి చూపించే మ్యాప్‌ను తీసుకోండి. రోడ్ల జాలంలో అతి తక్కువ దూరపు దారి కనిపెట్టే పద్ధతిని ఎడ్స్‌గర్ డైక్‌స్ట్రా 1959లో ప్రచురించారు. 1968లో స్టాన్‌ఫర్డ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో షేకీ అనే రోబో మీద పనిచేస్తున్న పరిశోధకులు దానికి ఒక మెరుగు దిద్దారు. ఇప్పటిదాకా నడిచిన దూరానికి, గమ్యం ఇంకా ఎంత ఉండవచ్చనే అంచనాను కూడా కలిపి, ఏ దారిని ముందు వెతకాలో తేల్చుకోవడం ఆ పద్ధతి. అంచనా అసలు దూరాన్ని ఎన్నడూ మించకుండా చూసుకుంటే, దొరికిన దారే అతి చిన్నదని హామీ ఇవ్వొచ్చు కూడా. ఫోన్లు మోసుకుని రోడ్ల మీద కదులుతున్న మనుషుల వేగాలను బట్టి ఏ వీధిలో ఎంతసేపు పడుతుందో లెక్కకట్టడం దాని మీద చేరిన కొత్త పొర.

ఇంత చక్కటి వ్యవస్థలోనూ లక్ష్యం ఎవరిది అన్న ప్రశ్న ఉంది. ఒక్కొక్కరినీ త్వరగా చేర్చడమే లక్ష్యమైతే, ప్రధాన రహదారి నిండినప్పుడల్లా వాహనాలన్నీ ఇళ్ల మధ్య సందుల్లోకి మళ్లుతాయి. ప్రయాణికుడికి నాలుగు నిమిషాలు మిగులుతాయి. ఆ సందులో ఉండేవాళ్ల సంగతి ఆ లెక్కలోనే లేదు. యంత్రం తప్పు చేసిందనడానికి వీల్లేదు, చెప్పిన పని చెప్పినట్టే చేసింది.

నియమాలు రాసి ఇవ్వలేని పనులకు ఉదాహరణలు చూపించి నేర్పడం రెండో మార్గం. పిల్లి ఎలా ఉంటుందో మాటల్లో చెప్పి ప్రోగ్రాం రాయడం అసాధ్యం. దానికి బదులు పిల్లుల ఫొటోలు, పిల్లులు కానివాటి ఫొటోలు చూపిస్తూ, యంత్రం చెప్పిన జవాబుకూ సరైన జవాబుకూ ఉన్న తేడాను ఒక సంఖ్యగా కొలిచి, ఆ తేడా తగ్గేలా లోపలి అంకెలను కొద్దికొద్దిగా సవరిస్తూ పోతారు. ఈ సవరింపు లెక్కలేనన్నిసార్లు జరుగుతుంది. ఫొటోలో ఏముందో గుర్తించే ఇమేజ్‌నెట్ పోటీలో 2012లో టొరంటో విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన న్యూరల్ నెట్‌వర్క్ (ఇలా ఉదాహరణల నుంచి నేర్చుకునే ఒక రకం ప్రోగ్రాం), ఐదు ఊహల్లో ఒకటైనా సరిపోవాలన్న కొలమానంతో, తప్పుల శాతాన్ని 15.3కు దించింది. రెండో స్థానంలో ఉన్నదానికి అది 26.2. ఈనాటి ఫోన్ కెమెరా ముఖాలను గుర్తించడం, ఫొటోలను మనుషుల వారీగా సర్దడం, చేతిరాతను చదవడం ఆ ఏడాది తర్వాత వేగం పుంజుకున్నాయి. ఇమేజ్‌నెట్ ఫొటోలకు 'సరైన జవాబు' రాసిపెట్టింది మాత్రం ఆన్‌లైన్‌లో కూలికి పనిచేసిన వేలాది మనుషులు. వాళ్ల శ్రమ గురించి ఈ విజయగాథల్లో దక్కాల్సినంత ప్రస్తావన దక్కలేదు.

తప్పుల శాతం తగ్గితే చాలనుకోవడం కూడా మోసపోవడమే. కార్డు లావాదేవీల్లో మోసాలను పట్టే వ్యవస్థను ఉదాహరణగా తీసుకుని చిన్న లెక్క చూద్దాం. పదివేల లావాదేవీల్లో పది మోసాలు ఉన్నాయనుకుందాం. దేన్నీ చూడకుండా 'అన్నీ సవ్యమే' అని చెప్పే ప్రోగ్రాం 99.9 శాతం కచ్చితమైనది, పూర్తిగా పనికిమాలినది కూడా. దాని బదులు నిజంగా పనిచేసే మోడల్ (ఉదాహరణలతో నేర్పిన ప్రోగ్రాం) ఒకటి పెడదాం. పదిలో తొమ్మిది మోసాలు పట్టేస్తుంది, సవ్యమైన లావాదేవీల్లో నూటికి ఒకదాన్ని పొరపాటున అనుమానిస్తుంది. సవ్యమైనవి 9,990 ఉన్నాయి గనక సుమారు వంద తప్పుడు హెచ్చరికలు వస్తాయి. అంటే మొత్తం 109 హెచ్చరికల్లో నిజమైనవి తొమ్మిదే. ఆసుపత్రి బిల్లు కట్టే సమయంలో కార్డు ఆగిపోయినవాళ్లు మిగతా వందలో ఉంటారు. అందుకే మంచి వ్యవస్థలు అనుమానం రాగానే కార్డును మూసేయకుండా, ఈ లావాదేవీ మీరే చేశారా అని ముందు అడుగుతాయి. అలా అడగాలన్న నిర్ణయం మోడల్‌ది కాదు, దాన్ని వాడే సంస్థది.

మనం ఏం చూడాలో, ఏం వినాలో సూచించే వ్యవస్థల దగ్గరికి వస్తే లక్ష్యం మరీ జారుడుగా ఉంటుంది. సినిమాలకు ప్రేక్షకులు ఇచ్చే రేటింగులను తన ప్రోగ్రాం కన్నా 10 శాతం మెరుగ్గా ఊహించినవారికి పది లక్షల డాలర్లు ఇస్తామని నెట్‌ఫ్లిక్స్ 2006లో పోటీ పెట్టింది. 2009లో ఒక బృందం ఆ బహుమతి గెలుచుకుంది. గెలిచిన పద్ధతిని పూర్తిగా వాడుకలో పెట్టలేదు. దానికి పట్టే శ్రమకు తగ్గ ఫలితం కనిపించలేదు, పైగా అప్పటికి వ్యాపారమే డీవీడీల నుంచి స్ట్రీమింగ్‌కు మారిపోతోంది. చూశాక ఎన్ని స్టార్లు ఇస్తారో ఊహించడం, ఈ రాత్రి ఏం పెట్టుకుని చూస్తారో ఊహించడం వేర్వేరు ప్రశ్నలు. గంభీరమైన డాక్యుమెంటరీకి ఐదు స్టార్లు ఇచ్చే మనిషే అలసిపోయి ఇంటికొచ్చాక తేలికపాటి హాస్యం పెట్టుకుంటాడు. ఇందులో ఏది అతని అసలు ఇష్టం?

యూట్యూబ్ అనుభవం ఇంకా స్పష్టమైనది. ఎంతమంది క్లిక్ చేశారన్నదాన్ని బట్టి వీడియోలను పైకి తెచ్చినంతకాలం, లోపల సరుకు లేకపోయినా ఊరించే బొమ్మా శీర్షికా పెట్టినవాళ్లు లాభపడ్డారు. 2012లో ఆ సంస్థ కొలమానాన్ని మార్చి, ఎంతసేపు చూశారన్నదానికి ప్రాధాన్యం ఇచ్చింది. ఊరించి మోసం చేసేవి తగ్గే వీలు కలిగింది గానీ, ఇప్పుడు సాగదీసే వీడియోలకు, కదలనివ్వకుండా కూర్చోబెట్టేవాటికి మొగ్గు వచ్చింది. తర్వాత చూసినవాళ్లకు తృప్తిగా ఉందా అని సర్వేలు అడిగి వాటినీ లెక్కలో కలపడం మొదలుపెట్టారు. కొలమానం మారినప్పుడల్లా వీడియోలు తీసేవాళ్లు దానికి తగ్గట్టు మారారు. ఆర్థికవేత్త చార్ల్స్ గుడ్‌హార్ట్ 1975లో ద్రవ్య విధానం గురించి చెప్పిన మాట ఇక్కడా వర్తిస్తుంది. ఏ కొలతనైనా అదుపు సాధనంగా వాడటం మొదలుపెట్టగానే, అంతదాకా నమ్మకంగా పనిచేసిన ఆ కొలత చెదిరిపోతుంది.

కొలతకూ కోరికకూ మధ్య ఉన్న సందును యంత్రం ఎంత నిర్దాక్షిణ్యంగా వెతికి పట్టుకుంటుందో చూపించే సంఘటన ఒకటి 2016లో ఓపెన్‌ఏఐ అనే పరిశోధన సంస్థ బయటపెట్టింది. కోస్ట్‌రన్నర్స్ అనేది పడవ పందెం ఆట. మనుషులు ఆడేటప్పుడు వీలైనంత త్వరగా చివరి గీత దాటడమే ఉద్దేశం. ఆటలో పాయింట్లు మాత్రం దారిలో ఉన్న లక్ష్యాలను గుద్దితే వస్తాయి. స్కోరు పెంచమని చెప్పి ఒక ప్రోగ్రాంను అందులో వదిలారు. అది పందెం సంగతే వదిలేసి, ఒక మూలనున్న నీటిమడుగులోకి వెళ్లి, అక్కడ మళ్లీ మళ్లీ పుట్టుకొచ్చే మూడు లక్ష్యాలను గుద్దుతూ గుండ్రంగా తిరగడం నేర్చుకుంది. మంటలంటుకున్నా, మిగతా పడవలను ఢీకొన్నా, తప్పు దిశలో పోతున్నా ఆగలేదు. ఒక్క పందెమూ పూర్తి చేయకుండానే మనుషుల కన్నా సగటున 20 శాతం ఎక్కువ స్కోరు తెచ్చుకుంది. యంత్రంలో పెట్టిన ఉద్దేశం మనం నిజంగా కోరుకున్నదేనా అని ముందే గట్టిగా సరిచూసుకోవాలని గణిత శాస్త్రవేత్త నార్బర్ట్ వీనర్ 1960లోనే హెచ్చరించారు. ఆ హెచ్చరికకు ఇంతకన్నా తేటగా కనిపించే రుజువు దొరకదు.

చాట్‌బాట్లకు కూడా ఇదే తూకం వర్తిస్తుంది. 2017లో గూగుల్ పరిశోధకులు ప్రతిపాదించిన ట్రాన్స్‌ఫార్మర్ అనే న్యూరల్ నెట్‌వర్క్ నిర్మాణం మీద ఇవి నిలబడ్డాయి. 2022 నవంబరు 30న చాట్‌జీపీటీ విడుదలయ్యాక ఇంటింటికీ చేరాయి. వీటి మొదటి లక్ష్యం, ఇంతవరకూ ఉన్న వాక్యం తర్వాత ఏ మాట వస్తుందో ఊహించడం. ఆ ఊహ బాగా కుదరాలంటే వ్యాకరణమే కాదు, ప్రపంచం గురించి చాలా సంగతులు కూడా ఎంతో కొంత పట్టుబడాలి. అలా పట్టుబడ్డాయి గనకే అనువాదం, సారాంశం, ప్రోగ్రాం రాయడం వంటి పనులు ఒకే మోడల్ చేయగలుగుతోంది. దాని మీద రెండో లక్ష్యం చేరుస్తారు. రెండు జవాబులు చూపించి ఏది మెరుగు అని మనుషులను అడిగి, వాళ్లు మెచ్చేలా జవాబులు ఇవ్వడం నేర్పుతారు.

ఈ రెండు లక్ష్యాల్లో ఏదీ నేరుగా 'నిజం చెప్పు' అనేది కాదు. నిజాలు రాతల్లో ఎక్కువగా ఉన్నచోట ఊహ కూడా నిజమే అవుతుంది. రాతలు తక్కువగా ఉన్న విషయాల్లో, ఇంటర్నెట్‌లో పాఠ్యం పలచగా ఉన్న భాషల్లో, అదే ధీమాతో కల్పన వచ్చేస్తుంది. 2023లో న్యూయార్క్‌లోని ఫెడరల్ కోర్టులో, విమానయాన సంస్థపై వేసిన దావాలో కొందరు న్యాయవాదులు చాట్‌జీపీటీ ఇచ్చిన పాత తీర్పులను ఉదహరించారు. ఆ తీర్పులు అసలు లేనే లేవు. పేర్లు, నంబర్లు, తర్కం అన్నీ తీర్పు మాదిరిగానే ఉన్నాయి, ఎందుకంటే తీర్పు మాదిరిగా ఉండటమే ఆ మోడల్ నేర్చుకున్న పని. న్యాయమూర్తి 5,000 డాలర్ల జరిమానా వేశారు.

అంతమాత్రాన ఇవి పనికిరావని తేల్చడం తొందరపాటు. తనకు తెలిసిన విషయం మీద ఉత్తరం ముసాయిదా రాయించుకునేవారికి, జవాబును వెంటనే సరిచూసుకోగలిగేవారికి వీటివల్ల చాలా సమయం మిగులుతుంది. ప్రోగ్రామర్లు వీటిని అంతగా వాడటానికి ఒక కారణం, రాసిచ్చిన కోడ్‌ను నడిపి చూస్తే చాలా తప్పులు అప్పటికప్పుడే బయటపడటం. సరిచూసే వీలు లేనివాళ్లే, అంటే ఆ విషయం బొత్తిగా తెలియక అడిగేవాళ్లే, ఎక్కువ ప్రమాదంలో ఉంటారు. సాయం ఎక్కువ అవసరమైనదీ వాళ్లకే కావడం ఇందులో బాధాకరమైన విషయం.

లక్ష్యం స్పష్టంగా, సరిచూసే పద్ధతి గట్టిగా ఉన్నచోట ఏఐ ఎంత ఎత్తుకు వెళ్లగలదో ప్రొటీన్ల అధ్యయనం చూపించింది. ప్రొటీన్‌ను కట్టే ముక్కలైన అమైనో ఆమ్లాల వరుస తెలిస్తే ఆ ప్రొటీన్ ఏ ఆకారంలో ముడుచుకుంటుందో చెప్పడం జీవశాస్త్రంలో అర్ధశతాబ్దపు చిక్కుముడి. 1994 నుంచి రెండేళ్లకోసారి క్యాస్ప్ అనే పరీక్ష జరుగుతోంది. ప్రయోగశాలలో ఆకారం తేలినా ఇంకా బయటపెట్టని ప్రొటీన్ల వరుసలు ఇచ్చి, ఊహించమంటారు. ముందే జవాబు చూసే వీల్లేదు, మాటలతో మెప్పించే వీల్లేదు. 2020లో గూగుల్‌కు చెందిన డీప్‌మైండ్ సంస్థ తయారుచేసిన ఆల్ఫాఫోల్డ్ 2 చాలా ప్రొటీన్లకు ప్రయోగ ఫలితాలతో పోల్చదగ్గ ఊహలు అందించింది. 2022 నాటికి 20 కోట్లకు పైగా ప్రొటీన్ల ఆకారాలను అందరికీ ఉచితంగా అందుబాటులో పెట్టారు. 2024 రసాయన శాస్త్ర నోబెల్‌లో సగం డీప్‌మైండ్‌కు చెందిన డెమిస్ హస్సాబిస్, జాన్ జంపర్‌లకు దక్కింది. ఆల్ఫాఫోల్డ్ చేసిన ప్రతి ఊహ పక్కనా దాన్ని ఎంతవరకు నమ్మవచ్చో చెప్పే అంకె కూడా ఇస్తారు. మిగతా వ్యవస్థల తయారీదారులు అన్నింటికన్నా ముందు నేర్చుకోవలసింది ఆ ఒక్క అలవాటు.

లక్ష్యం ఎంపికలో జరిగే పొరపాటు ఎవరి మీద పడుతుందో, దాన్ని దిద్దడానికి ఏం కావాలో తెలిపే అధ్యయనం 2019లో సైన్స్ పత్రికలో వచ్చింది. అమెరికా ఆసుపత్రుల్లో విస్తృతంగా వాడుకలో ఉన్న ఒక ప్రోగ్రాంను జియాద్ ఒబెర్‌మేయర్, ఆయన సహచరులు పరిశీలించారు. దీర్ఘకాలిక జబ్బులున్న రోగుల్లో ప్రత్యేక సంరక్షణ ఎవరికి ఎక్కువ అవసరమో గుర్తించడం దాని పని. 'అవసరం' అనే గడి ఏ రికార్డులోనూ ఉండదు. అందుకని రాబోయే కాలంలో వైద్యానికి ఎంత ఖర్చవుతుందో ఊహించమని దానికి చెప్పారు. జబ్బు ఎక్కువైతే ఖర్చూ ఎక్కువే కదా అన్నది ఆలోచన. రోగి జాతి వివరం ప్రోగ్రాంకు ఇవ్వనే లేదు. కానీ అదే స్థాయి జబ్బు ఉన్నా నల్లజాతి రోగుల మీద అయ్యే ఖర్చు తక్కువగా ఉంటూ వచ్చింది, ఎందుకంటే వైద్యం వాళ్లకు అందడమే తక్కువ. ఖర్చును ప్రోగ్రాం కచ్చితంగానే ఊహించింది. అంతే కచ్చితంగా, ఎక్కువ జబ్బుతో ఉన్న నల్లజాతి రోగులను వెనక్కి నెట్టింది. ఆ వివక్షను తొలగిస్తే అదనపు సాయం అందేవారిలో నల్లజాతి రోగుల వాటా 17.7 నుంచి 46.5 శాతానికి పెరుగుతుందని తేలింది. పరిశోధకులు ప్రోగ్రాం తయారీదారుతో కలిసి మరో ప్రయోగం చేశారు. ఖర్చు ఒక్కదాన్నే ఊహించమనకుండా, ఆరోగ్య స్థితిని కూడా కలిపి ఊహించమన్నారు. డేటా అదే, పద్ధతీ అదే. ఊహించమన్న సంఖ్య ఒక్కటి మార్చేసరికి వివక్ష 84 శాతం తగ్గిపోయింది.